చల్లారిన కాఫీ, కూరుకుపోయిన జీపు

నవ్వనని మాటిస్తే చెబుతాను. నవ్వినా ఫరవాలేదు లెండి. మా జహ్లే ఊరంతా ఇప్పటికే నవ్వి అలిసిపోయింది, ఇక మీ వంతు.

గొడవంతా గరాజు దగ్గర మొదలైంది. మా ఇంటికి ఉన్నది ఒకటే గరాజు. అందులో నా జీపు ఉంటుంది. మాది పరదాల కొట్టు. నేను అమ్ముతాను, మా ఆవిడ అఫీఫా కుడుతుంది. కుట్టుమిషను మాత్రం పడకగదిలో ఉంటుంది. అందువల్ల మా ఇంట్లో పడుకోవాలంటే ముందు గుడ్డల కింద మంచం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒకసారి అఫీఫా పనితొందరలో నా పైజమాకు కూడా రింగులు కుట్టేసింది. అది ఎవరిదో కిటికీకి తగిలించాక గానీ సంగతి బయటపడలేదు.

జీపును వీధిలో పెట్టి గరాజును కుట్టుగదిగా చేసుకుంటానని ఆమె ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. మంచుపులి బండి వీధిలో ఉండకూడదని నేను చెబుతూ వస్తున్నాను.

ఆ రోజు ఆమె పప్పులో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది.

"ఏ పులి? ఏటేటా మెడకు తాడు కట్టి కొండ మీంచి లాక్కొచ్చే పులేనా?"

ఇది నా గాయం. దీని సంగతి మీకు చెప్పాలి. మా ఊళ్ళో 'సన్నీన్ మంచుపులుల సంఘం' ఉంది. ప్రతి చలికాలం ఒక శనివారం మేమంతా బండ్లు వేసుకుని సన్నీన్ కొండ మీది మంచులోకి పోతాం. అందులో దారి ఉండదు, ఉంటే మేం పోము. ప్రతి ఏడూ నేను ఎక్కడో ఒకచోట కూరుకుపోతాను. ప్రతి ఏడూ సంఘం అధ్యక్షుడు డాక్టర్ ఫర్జల్లా నన్ను బయటికి లాగుతాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఆయన బండి మూతికి ఇనుపతాడు చుట్టుకునే చక్రం ఒకటి ఉంది. నా జీపుకు ఆ తాడు తగిలించేటప్పుడు కూడా కుర్చీలో పడుకోబెట్టిన రోగితో అన్నట్టే, కదలకు, అయిపోయింది, ఒక్క నిమిషం అంటాడు. సంఘంలో ఆయన పేరు పటకారు.

అఫీఫా పప్పు పక్కన పెట్టి పందెం చెప్పింది. ఈసారి ఎవరూ తాడు కట్టకుండా నేను జీపును ఇంటికి తెస్తే గరాజు నాదే, ఇక ప్రాణం ఉన్నంతకాలం ఆ ఊసెత్తదు. ఒక్కసారి తాడు తగిలినా గరాజు ఆమెది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. కొండ మీద ఏం జరిగిందో ఇంట్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? పులులన్నీ నా స్నేహితులే.

"ఒప్పుకున్నావుగా. అయితే నేనూ వస్తా," అంది.

జనవరిలో బాల్కనీలో ఆరేసిన బట్టలు తేవడానికి కూడా గడప దాటని మనిషి ఇది. పులుల స్నేహం ఇక పనికిరాదనుకున్నాను. కానీ వెంటనే బుర్ర పనిచేసింది. నా బుర్ర పనిచేసినప్పుడల్లా ఏం జరుగుతుందో మీరే చూస్తారు.

నా పథకం ఇది. అఫీఫాను అన్నిటికంటే ముందు నడిచే పటకారు బండిలో ఎక్కించాలి. దానిలో సీట్లు కింద నుంచి వేడెక్కుతాయి. నేను అన్నిటికంటే వెనక, ఆఖరి బండిగా రావాలి. ముందు ఎవరు చిక్కుకున్నా చూసి సాయం చేయడం ఆఖరి బండి పని. ఆఖరి బండే చిక్కుకుంటే చూడటానికి వెనక ఎవరూ ఉండరు. ఇందులోని అందం నా ఒక్కడికే కనిపించింది. ఇందులోని ప్రమాదం నా ఒక్కడికే కనిపించలేదు.

శనివారం పొద్దున మంచు మొదలయ్యే చోట అందరం ఆగాం. అక్కడ పులులన్నీ కిందకి వంగి చక్రాల్లో గాలి సగానికి పైగా తీసేస్తాయి. మెత్తబడ్డ చక్రం ఒంటె పాదంలా పరుచుకుని మంచు మీద తేలుతుంది. గాలి తీయకపోతే కత్తిలా దిగబడుతుంది. ఇది సంఘంలో చేరిన మొదటి రోజే నేర్పుతారు.

ఆ సమయంలో నేను అఫీఫా దిండ్లు, దుప్పటి, టీ ఫ్లాస్కు, ఎండు అంజూరాల పొట్లం పటకారు బండిలోకి మోస్తున్నాను. నా జీపులో చలిగాలి వస్తుందనీ, ఆమె నడుముకు మంచిది కాదనీ చెప్పాను. బేరం మొదలెట్టకుండానే గుడ్డను పొగిడే గిరాకీని చూసినట్టు ఆమె నన్ను చూసింది. అయినా ఎక్కింది. సీటు వేడిగా ఉంది మరి.

"జాగ్రత్తగా రా నఖ్లే," అంది.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట వింటే భయం వేయడం అదే మొదటిసారి.

బండ్లు బయలుదేరాయి. నేను ఆఖరున. మొదటి మలుపు దాటాను. రెండో మలుపు దగ్గర జీపు ఒకసారి నిట్టూర్చి, అలిసిపోయిన గేదె బురదలో కూర్చున్నట్టు మంచులో కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది, నా చక్రాల్లో గాలి అలాగే ఉందని.

ముందుకి తొక్కాను. దిగింది. వెనక్కి తొక్కాను. ఇంకా దిగింది. తలుపు తీయబోతే మంచు ఒప్పుకోలేదు. కిటికీలోంచి బయటికి పాకాను.

ఇంతలో వాకీటాకీలో పటకారు గొంతు. ఆఖరి బండి ఎలా ఉందని అడిగాడు. అంతా బాగుంది, మీ వెనకే వస్తున్నాను అన్నాను. నమ్మకం కలగడానికి నోటితో కొంచెం ఇంజన్ చప్పుడు కూడా చేశాను.

కాసేపటికి అఫీఫా మాట్లాడింది. మేము నీకు కనిపిస్తున్నామా అని అడిగింది. కనిపించకేం, మీ బండ్ల వెనక ఎర్రదీపాలు వరసగా ముత్యాల్లా ఉన్నాయన్నాను.

"మేము ఎప్పుడో ఆగి భోజనానికి కూర్చున్నాం. దీపాలు ఆర్పేశాం," అంది.

పొగమంచు వల్ల దీపాలు ఆర్పినా వెలుగుతున్నట్టే కనిపిస్తాయని చెప్పి వాకీటాకీ జేబులో పెట్టుకున్నాను.

కింద లోయ అంచున ఒక ఇల్లు, దాని పొగగొట్టంలోంచి పొగ కనిపించింది. ఇంటి పక్కన పాకలో ఎర్రటి ట్రాక్టరు. నా ప్రాణం లేచి వచ్చింది. ట్రాక్టరు సంఘం బండి కాదు. పులుల భోజనం అయ్యేలోగా అది నన్ను లాగేస్తే, సాక్షి లేని తాడు తాడే కాదు.

మోకాళ్ళ లోతు మంచులో దిగి వెళ్ళేసరికి ఇంటాయన గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తున్నాడు. పేరు అబూ ఖత్తార్ అని చెప్పాడు. మీసాలు పెద్దవి, చేతులు అంతకంటే పెద్దవి. నేను ఎవరినో అడగకుండానే లోపలికి రమ్మన్నాడు. దారిలో నేను ట్రాక్టరును మెచ్చుకున్నాను. ఆయన సంతోషించి దాని కథ చెప్పాడు. కిందటేడు మంచులో ఆడుకోవడానికి వచ్చిన పట్నం వాళ్ళెవరో అడిగి తీసుకెళ్ళి దాని ముక్కు విరగ్గొట్టారట. ఇక మంచులో ఆడేవాళ్ళకు దాన్ని ఇవ్వనని తల్లి సమాధి మీద ఒట్టేశాడట.

లోపల కట్టెలపొయ్యి మండుతోంది, దాని మీద చెస్ట్‌నట్ గింజలు వేగుతున్నాయి. ఇంటావిడ ఉమ్ ఖత్తార్ కాఫీ తెచ్చి చేతికిచ్చింది. అప్పుడు నా బుర్ర రెండోసారి పనిచేసింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెద్ద కోరిక మీద వచ్చినవాడు కాఫీ అందుకుని తాగకుండా కింద పెడతాడు. ఇంటాయన "తాగు, నీ పని అయినట్టే" అనేదాకా ముట్టుకోడు. అతిథి కాఫీ చల్లారి వెనక్కి పోయిందంటే ఆ ఇంటికి తలవంపు. పగబట్టిన రెండు వంశాలను కలపడానికీ, పిల్లను అడగడానికీ పెద్దలు వాడే పద్ధతి ఇది. ఒట్టు పెట్టుకున్నవాణ్ణి కూడా కదిలించే శక్తి దీనికొక్కదానికే ఉంది. దీన్ని ట్రాక్టరుకు వాడినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి అనుకుంటాను.

కప్పు మెల్లగా కింద పెట్టాను.

 అబూ ఖత్తార్ నా ముఖం చూశాడు, నెరిసిన నా జుట్టు చూశాడు, నా మంచి కోటు చూశాడు. తర్వాత భార్యను చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ లోపలి గదిలోకి పరిగెత్తింది. లోపల అల్మరా తలుపులు దడదడమని తెరుచుకున్నాయి.

నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇప్పుడు చెప్పకు పెద్దమనిషీ. ఇలాంటి మాట నేనొక్కణ్ణే వినకూడదు. మా అన్నలు రానీ."

ట్రాక్టరు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి కాబోలనుకున్నాను. కబురు అందగానే అన్నలిద్దరూ మంచులో పడుతూ లేస్తూ వచ్చారు. ఇద్దరూ చర్చికి వేసుకునే కోట్లు వేసుకున్నారు. ఒకాయన గడ్డం గీసుకుంటూ సగంలో వచ్చినట్టున్నాడు, ఒక చెంప మీద సబ్బు అలాగే ఉంది. ముగ్గురూ వరసగా కూర్చున్నారు. నా కాఫీ మీద పొర కట్టింది.

సబ్బు చెంప పెద్దాయన నా ఊరు, వంశం, కొట్టు అన్నీ అడిగాడు. ఒట్టు గట్టిది కాబట్టి విచారణ కూడా గట్టిగానే ఉంటుందని ఓపికగా జవాబులిచ్చాను. పిల్లల సంగతి అడిగితే, ఇద్దరూ ఆడపిల్లలేననీ బేరూత్‌లో చదువుకుంటున్నారనీ చెప్పాను.

పెద్దాయన ముఖం ముడుచుకుంది. "కొడుకులు లేరా? మరి ఎవరి కోసం వచ్చావు?"

"నా కోసమే," అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీ ఆవిడ?"

"ఇంట్లో, అంటే కొండ మీద ఉంది. తనకు మాత్రం తెలియకూడదు. ఎక్కువసేపు అక్కర్లేదండీ, ఒక్క గంట చాలు. మళ్ళీ జాగ్రత్తగా తెచ్చి అప్పగిస్తాను."

అబూ ఖత్తార్ లేచి నిలబడ్డాడు. కూర్చున్నప్పుడే ఆయన పెద్దమనిషి. లేచాక పైకప్పు ఆయన భుజాల మీదే ఉందేమో అనిపించింది. పెద్దాయన చేతికర్ర కోసం తడుముకుంటున్నాడు. లోపలి గది గుమ్మంలో ఉమ్ ఖత్తార్, ఆమె వెనక పట్టుచొక్కా సగం వేసుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉన్నారు.

అప్పుడర్థమైంది నాకు, వీళ్ళు నేను దేనికోసం వచ్చాననుకున్నారో.  నేను నోరు తెరిచేలోగా జేబులో వాకీటాకీ పలికింది.

"నఖ్లే, ఎక్కడున్నావు? ఇప్పుడు కూడా మా దీపాలు కనిపిస్తున్నాయా?"

ఉమ్ ఖత్తార్ ఒక్క అంగలో వచ్చి దాన్ని లాక్కుంది. మీట నొక్కి పట్టుకుంది. వాకీటాకీలో ఒకరు మీట నొక్కి పట్టుకుంటే మిగతా అందరూ వినాల్సిందే, మధ్యలో మాట్లాడటానికి ఉండదు. ఆమె మీట వదల్లేదు. నీ మొగుడు మా ఇంట్లో కూర్చున్నాడనీ, మా అమ్మాయి సౌసన్‌ను ఒక గంటకు అడుగుతున్నాడనీ, నీకు తెలియకూడదట అనీ, లోయ అంచున పొగ వచ్చే ఇల్లు అనీ వివరంగా చెప్పింది. సంఘం మొత్తం, ప్రతి బండిలో, భోజనం నోట్లో పెట్టుకుని విన్నది.

"ట్రాక్టరు," అన్నాను నేను. "ట్రాక్టరు కోసం వచ్చానండీ. జీపు కూరుకుపోయింది."

 సౌసన్ తలుపు వెనక్కి పోయి పొట్ట పట్టుకుని నవ్వడం వినిపించింది. అన్నలిద్దరూ కూర్చున్నారు. బతికాననుకున్నాను. కానీ ఉమ్ ఖత్తార్ ఇప్పుడు ఇంకా కోపంగా ఉంది.

"అంటే ఇంత పిల్ల ఇంట్లో ఉండగా నీ కళ్ళకు ట్రాక్టరు కనిపించిందా?"

దీనికి ఏ జవాబు చెప్పినా ప్రమాదమే కాబట్టి చెస్ట్‌నట్ గింజల వంక చూస్తూ కూర్చున్నాను.

బండ్ల మోత వినిపించింది. పులులన్నీ దిగి వచ్చాయి. ముందు అఫీఫా, ఆమె వెనక పటకారు, వాళ్ళ వెనక తొక్కిసలాటగా మిగతావాళ్ళు. ఇంతమంది ఒకేసారి ఎవరి సంబంధం చూడ్డానికీ వచ్చి ఉండరు. అఫీఫా ఎవరినీ ఏమీ అడగలేదు. కిటికీలోంచి వాలు మీద పాతుకుపోయిన నా జీపును చూసింది, నన్ను చూసింది, వెళ్ళి ఉమ్ ఖత్తార్ పక్కన కూర్చుంది. ఆడవాళ్ళిద్దరూ చెవిలో ఏదో మాట్లాడుకున్నారు. అఫీఫా క్షమాపణ చెబుతోందనుకున్నాను.

నేను ముందుగానే వాదన సిద్ధం చేసుకున్నాను. జీపు ఇంకా మంచులోనే ఉంది. దానికి ఎవరూ తాడు కట్టలేదు. కాబట్టి పందెం ఇంకా పోలేదు. ఇదే మాట కొంచెం గట్టిగా అన్నాను.

"నిజమే, పోలేదు," అంది అఫీఫా. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు కదా అని నేను ఆలోచించేలోగా ఆమెకు కాఫీ వచ్చింది. ఆమె అందుకుంది. తాగకుండా కింద పెట్టింది.

అబూ ఖత్తార్ నుదురు పట్టుకున్నాడు. "ఈ వేళ మా ఇంట్లో కాఫీ ఎవరూ తాగరా?" అన్నాడు. అయినా పద్ధతి పద్ధతే. సర్దుకుని కూర్చుని, చెప్పమ్మా అన్నాడు.

"మా ఆయన నాకు మాటిచ్చాడు. ఎవరూ తాడు కట్టకుండా బండి ఇంటికి తెస్తానన్నాడు. మొగుడి మాట పోతే పెళ్ళాం తల ఎత్తుకోలేదు కదా అన్నా. మీరంతా ఆ మాట నిలబెట్టండి. ఇక్కడున్న వాళ్ళెవరూ ఆ జీపుకు తాడు కట్టకూడదు. మీ ట్రాక్టరూ వద్దు, డాక్టరుగారి ఇనుపతాడూ వద్దు. నాకు ఇంకేం అక్కర్లేదు."

సబ్బు చెంప పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ కాలంలో ఇలాంటి ఇల్లాలు ఎక్కడుందన్నాడు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకే గొంతుతో తాగమన్నారు. పులులు కూడా తలలూపాయి. అఫీఫా కాఫీ తాగి, బాగుందని మెచ్చుకుంది.

అబూ ఖత్తార్ నా చేతికి పార ఇచ్చాడు.

ఆ ఇంటి పెద్ద కిటికీ సరిగ్గా నా జీపు ఉన్న వాలు వైపే ఉంటుంది. వాళ్ళంతా పొయ్యి చుట్టూ కూర్చుని వేడి వేడి కిష్క్ జావ తాగుతూ, గింజలు ఒలుచుకుంటూ, నన్ను చూశారు. వాకీటాకీ మళ్ళీ నా జేబులోకి వచ్చింది కాబట్టి సలహాలు మాత్రం ధారాళంగా వచ్చాయి. తాడు కట్టొద్దన్నారు గానీ మాట్లాడొద్దనలేదు కదా.

ఎడమ చక్రం దగ్గర పుప్పి లోతుగా ఉంది, ఇంకా తవ్వు అన్నాడు పటకారు. చక్రాల్లో గాలి తీశావా అని ఎవరో అడిగారు. అప్పుడు తీశాను. జీపు కృతజ్ఞతగా మరో జానెడు దిగి, పొట్ట మంచుకు ఆనించి పడుకుంది. నేను ఒక పార తీస్తే పైనుంచి రెండు పారల మంచు జారేది. కాసేపటికి జీపు కోసం తవ్వుతున్నానో, నా కోసమే తవ్వుకుంటున్నానో తెలియలేదు. సూర్యుడు సన్నీన్ వెనక్కి పోబోతున్నాడు. వేళ్ళు నావో పారవో తెలియడం మానేసింది.

పార మంచులో గుచ్చి ఇంట్లోకి వచ్చాను. ఉమ్ ఖత్తార్ మాట్లాడకుండా కాఫీ ఇచ్చింది. దేవుడా, దాని వేడి, దాని వాసన. ఒక్క గుక్క తాగితే ప్రాణం వచ్చేది. కప్పు తీసుకెళ్ళి అఫీఫా ముందు కింద పెట్టాను.

గింజలు ఒలిచేవాళ్ళంతా మెడలు చాచారు.

అఫీఫా తొందరపడలేదు. గుడ్డ కొలిచేటప్పుడు కూడా అంతే, అంచు సరిగ్గా కలిసేదాకా కత్తెర వేయదు.

"ఏం కావాలి?"

"తాడు."

"ఎవరి తాడు?"

"ఎవరిదైనా."

"గరాజు?"

"నీదే."

"ఇంతమందిలో అన్నావు, గుర్తుంచుకో. తాగు, చల్లారిపోతుంది."

తాగాను. అంత మంచి కాఫీ నేను ఎప్పుడూ తాగలేదు, అంత ఖరీదైనది కూడా.

ట్రాక్టరును సౌసన్ నడిపింది. నాన్న ఒట్టు నాన్నదే, నాది కాదు అందట. ఒక్క ఊపులో జీపు బయటికి వచ్చింది. నేను లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. అఫీఫా ట్రాక్టరు మీద సౌసన్ పక్కన నిలబడి, వెనక్కి తిరిగి, కదలకు, అయిపోయింది, ఒక్క నిమిషం అంది. పటకారు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు గరాజులో రెండు కుట్టుమిషన్లు ఉన్నాయి. పడకగదిలో మంచం కనిపిస్తోంది. జీపు వీధిలో ఉంటుంది. చలి తగలకుండా అఫీఫా మిగిలిన పరదా గుడ్డతో దానికి తొడుగు కుట్టింది. గులాబీ పూలు, కింద చుట్టూ కుచ్చులు. మంచుపులులు సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తున్నారు.

నిన్న సాయంత్రం ఇద్దరం కాఫీకి కూర్చున్నాం. అఫీఫా ఒక గుక్కైనా తాగకుండా కప్పు బల్ల మీద పెట్టింది. నేను ఇక ఏం కావాలని అడగలేదు. లేచి, మేకుకు వేలాడుతున్న జీపు తాళాలు తీసి ఆమె కప్పు పక్కన పెట్టి, తాగు అన్నాను.

కాఫీ మరీ వేడిగా ఉందని పెట్టిందట.

తాళాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.